రిజర్వు బ్యాంకు డాలర్లు అమ్మితే విశాఖలో వడ్డీ ఎందుకు బిగుస్తుంది?

ఉప్పుటేరు

రూపాయి పడిన ప్రతిసారీ మన ఊళ్ళో ఒకటే మాట: "ఎగుమతిదారులకి పండగే." మర్నాడు పేపర్లో "రిజర్వు బ్యాంకు జోక్యంతో కోలుకున్న రూపాయి" అని వస్తుంది. ఈ రెండు వాక్యాల మధ్య ఏం జరుగుతోందో లెక్కతో చెప్పగలిగినవాళ్ళు ఈ ఆన్‌లైన్ చర్చా వేదికలో ఉన్నారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

రిజర్వు బ్యాంకు డాలర్లు అమ్మినప్పుడు దానికి వచ్చిన రూపాయలు ఎక్కడికి పోతాయి? అమ్మకం ముంబైలో జరిగితే వర్కింగ్ క్యాపిటల్ వడ్డీ ఇక్కడ ఎందుకు కదులుతుంది? ఏటా కేంద్రానికి ఇచ్చే లక్షల కోట్ల మిగులుకీ ఈ అమ్మకాలకీ లంకె ఉందా? చివరగా, విశాఖ రేవు నుంచి వనామీ రొయ్య పంపేవాడికి రూపాయి పడితే నికరంగా మిగిలేదెంత? శాతాలు వద్దు, ఒక కంటైనర్ లెక్క కావాలి.

గాజువాక లెడ్జర్

మొదటిదానికి పద్దు వేసి చూపిస్తాను. డాలరు 85 రూపాయలు అనుకుందాం.

రిజర్వు బ్యాంకు సోమవారం 100 కోట్ల డాలర్లు స్పాట్‌లో అమ్మింది. సాధారణంగా ఇది కొన్ని ప్రభుత్వ రంగ బ్యాంకుల ద్వారా మార్కెట్లోకి వస్తుంది. స్పాట్ అంటే రెండు పనిదినాల తర్వాత సెటిల్‌మెంట్, అంటే బుధవారం. ఆ రోజు రెండు చోట్ల పద్దులు మారతాయి. న్యూయార్క్‌లో, కొన్న బ్యాంకు నోస్ట్రో ఖాతాలోకి (విదేశంలో ఉన్న డాలర్ల ఖాతా) 100 కోట్ల డాలర్లు జమ. ముంబైలో, ఆ బ్యాంకుకి రిజర్వు బ్యాంకు దగ్గరున్న కరెంట్ ఖాతాలోంచి 8,500 కోట్ల రూపాయలు ఖర్చు.

ఆ 8,500 కోట్లు ఎక్కడికీ పోవు. రద్దయిపోతాయి. రిజర్వు బ్యాంకు పద్దులో ఆస్తుల వైపు విదేశీ ఆస్తులు 8,500 కోట్లు తగ్గాయి, అప్పుల వైపు బ్యాంకుల డిపాజిట్లు అంతే తగ్గాయి. రెండు పక్కలా సమానంగా కుంచించుకుంది. ఆ రోజు ప్రభుత్వ ఖాతాలోకి పైసా వెళ్ళలేదు.

ద్వారకానగర్8

అంటే ఆ రూపాయల్ని రిజర్వు బ్యాంకు మళ్ళీ ఖర్చుపెట్టుకోవచ్చు కదా?

గాజువాక లెడ్జర్

లేదండి. మీరు రాసిచ్చిన ప్రామిసరీ నోటు మీ చేతికే తిరిగొస్తే అది మీకు సొమ్ము కాదు కదా, అప్పు తీరినట్టు. రూపాయి రిజర్వు బ్యాంకు రాసిచ్చిన నోటు. వెనక్కి వచ్చిందంటే చెల్లిపోయినట్టే. మళ్ళీ పుట్టించాలంటే ఇంకేదో ఆస్తి కొనాలి, లేదా బ్యాంకులకి రెపోలో, అంటే బాండ్ల తాకట్టు మీద కొన్నాళ్ళకి, అప్పివ్వాలి.

యారాడకొండ

రెండో ప్రశ్న ఇక్కడినుంచే మొదలవుతుంది. ప్రతి బ్యాంకూ తన డిపాజిట్లకి తగినంత సీఆర్ఆర్ (డిపాజిట్లలో నిర్ణీత శాతం నగదు) రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాలి. పక్షం రోజుల సగటు కుదరాలి, ఏ రోజూ నిర్ణీత మొత్తంలో 90 శాతానికి తగ్గకూడదు. ఖాతాలోంచి 8,500 కోట్లు మాయమైతే ఆ బ్యాంకు కాల్ మార్కెట్లో (బ్యాంకులు ఒకదానికొకటి ఒక రోజుకి అప్పిచ్చుకునే చోటు) పక్క బ్యాంకుని అప్పడుగుతుంది. ఒక బ్యాంకు అడిగితే పక్క బ్యాంకు దగ్గర దొరుకుతుంది. కానీ మొత్తం వ్యవస్థలోనే తగ్గింది కాబట్టి అందరూ అడిగేవాళ్ళే అవుతారు. కాల్ రేటు రెపో వడ్డీ దాటి పైకి జరుగుతుంది.

దానికి పైకప్పు ఎంఎస్ఎఫ్ (రిజర్వు బ్యాంకు దగ్గర అత్యవసరంగా అప్పు తీసుకుంటే పడే వడ్డీ), రెపోకి పావు శాతం ఎక్కువ. నేల ఎస్‌డీఎఫ్ (మిగులు డబ్బు రిజర్వు బ్యాంకు దగ్గర దాచితే వచ్చే వడ్డీ), రెపోకి పావు శాతం తక్కువ. డబ్బు పుష్కలంగా ఉన్నప్పుడు కాల్ రేటు నేలకి ఆనుకుని ఉంటుంది, ఎండినప్పుడు కప్పుకి తగులుతుంది. అంటే విధాన కమిటీ రెపోని వేలుపెట్టి కదపకపోయినా అరశాతం బిగువు వచ్చేసింది. ఆ బిగువు ముందు ట్రెజరీ బిల్లులకి (ప్రభుత్వం కొన్ని నెలలకి చేసే అప్పు), తర్వాత సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్‌కి (బ్యాంకులది), ఆ తర్వాత కమర్షియల్ పేపర్‌కి (కంపెనీలది) పాకుతుంది. మూడు నెలల టీ-బిల్లుకి ముడిపెట్టిన లోను ఉంటే తర్వాతి రీసెట్ తేదీన మీ వడ్డీ పెరుగుతుంది. రెపోకి ముడిపెట్టిన లోను ఉంటే వెంటనే పెరగదు, కానీ కొత్త లిమిట్‌కి బ్యాంకు వేసే స్ప్రెడ్‌లో కనబడుతుంది.

అంచేత "రూపాయిని కాపాడారు" అన్న వార్త చదివినప్పుడు దాని కింద "ఎన్ని వేల కోట్ల రూపాయలు తోడేశారు, ఎలా నింపారు" అన్న రెండో వార్త వెతకాలి. నింపడంలోనే అసలు రాజకీయం ఉంది.

మింట్ రోడ్డు

నింపే పద్ధతులు చెబుతాను, ఎందుకంటే ఒక్కోదానికి ఒక్కో రకం బిల్లు తర్వాత వస్తుంది.

బహిరంగ మార్కెట్లో ప్రభుత్వ బాండ్లు కొనడం: రూపాయలు శాశ్వతంగా వస్తాయి, పనిలో పనిగా బాండ్ల వడ్డీ తగ్గి ప్రభుత్వానికి అప్పు చవకవుతుంది. ద్రవ్యోల్బణం ఎక్కువున్నప్పుడు ఇలా చేస్తే విమర్శలు తప్పవు.

వేరియబుల్ రేట్ రెపో: కొన్ని రోజులకి అప్పు. గడువు తీరాక మళ్ళీ అదే కరువు.

మూడోది డాలర్-రూపాయి బై/సెల్ స్వాప్. 2025 జనవరి 31న ఆరు నెలలకి 500 కోట్ల డాలర్లు, ఫిబ్రవరి 28న మూడేళ్ళకి 1,000 కోట్లు, మార్చి 24న మళ్ళీ మూడేళ్ళకి 1,000 కోట్లు చేశారు. పద్ధతి ఇది: బ్యాంకు ఈరోజు డాలర్లు రిజర్వు బ్యాంకుకి స్పాట్‌లో అమ్మి రూపాయలు తీసుకుంటుంది. మూడేళ్ళ తర్వాత అవే డాలర్లను ప్రీమియం కలిపి వెనక్కి కొంటానని ఒప్పుకుంటుంది. వేలంలో బ్యాంకులు కోట్ చేసేది ఆ ప్రీమియమే, పైసల్లో. ఏడాదికి 2 రూపాయల చొప్పున 6 రూపాయలు అనుకుంటే, 85కి అమ్మినదాన్ని 91కి కొనాలి. ఎక్కువ ప్రీమియం ఇస్తానన్న బ్యాంకుకి ముందు దక్కుతుంది.

ఈ స్వాప్‌తో ఈరోజు రూపాయలు వచ్చాయి, రిజర్వుల అంకె కూడా పెరిగింది. కానీ మూడేళ్ళ తర్వాత డాలర్లు తిరిగివ్వాలన్న బాకీ కూడా పుట్టింది. పేపర్లో మొదటి సగమే వస్తుంది.

ఎదురు దిశలో 2004 గుర్తుచేసుకోండి. అప్పుడు సమస్య డాలర్లు ముంచెత్తడం. వై.వి. రెడ్డి గారు గవర్నర్‌గా ఉండగా ఆ ఏప్రిల్‌లో మార్కెట్ స్టెబిలైజేషన్ స్కీమ్ వచ్చింది, మొదటి పరిమితి 60,000 కోట్ల రూపాయలు. ప్రభుత్వం బాండ్లు, బిల్లులు అమ్మి వచ్చిన డబ్బుని రిజర్వు బ్యాంకు దగ్గర విడి ఖాతాలో తాళం వేసింది, ఖర్చుపెట్టడానికి వీల్లేదు. వడ్డీ మాత్రం బడ్జెట్ మోసింది. నాకు ఆ పద్ధతి నచ్చడానికి కారణం అదే. రూపాయి బలపడకుండా ఆపడానికి దేశం ఎంత కడుతోందో బడ్జెట్ కాగితంలో ఒక అంకెగా కనబడింది.

యారాడకొండ

స్వాప్ బాకీ గురించి మింట్ రోడ్డు గారు చెప్పినదానికి ఒక అంకె కలుపుతాను. రిజర్వు బ్యాంకు స్పాట్‌లోనే కాకుండా ఫార్వర్డ్‌లో (రేటు ఇప్పుడే ఖాయం, డాలర్లు ఇచ్చేది తర్వాతి తేదీన) కూడా అమ్ముతుంది. ఫార్వర్డ్‌లో అమ్మితే ఈరోజు రిజర్వులు తగ్గవు, రూపాయలు కూడా తోడినట్టు కాదు. గడువు రోజున రెండూ జరుగుతాయి. 2025 ఫిబ్రవరి ఆఖరుకి ఇలా ఇవ్వాల్సిన డాలర్లు నికరంగా 8,800 కోట్లు దాటాయి. 2024 సెప్టెంబర్ ఆఖర్లో రిజర్వులు 70,000 కోట్ల డాలర్లు దాటి రికార్డు కొట్టాయి అన్నది అందరికీ గుర్తుంది. ఈ 8,800 కోట్ల అంకె మాత్రం ఎవరికీ గుర్తుండదు. నెలనెలా బులెటిన్‌లో డాలర్ల కొనుగోలు-అమ్మకం పట్టికలో చివరి వరుసల్లో ఉంటుంది, దాదాపు రెండు నెలలు ఆలస్యంగా.

గడువు వచ్చిన నాడు రెండే దారులు. డాలర్లు ఇచ్చేస్తే రూపాయలు ఆ రోజు తోడబడతాయి. లేదా ఇంకో మూడు నెలలకి రోలోవర్. గడువులన్నీ ఒకే నెలలో కుప్పపడితే ఆ నెల కాల్ మార్కెట్ కారణం తెలియకుండానే బిగుస్తుంది.

ఒక తేడా గుర్తుంచుకోండి. సింగపూర్, దుబాయ్, లండన్‌లలో నడిచే ఎన్‌డీఎఫ్‌లో (నాన్-డెలివరబుల్ ఫార్వర్డ్) అసలు మొత్తం చేతులు మారదు, తేడా మాత్రమే డాలర్లలో చెల్లిస్తారు. అక్కడ జోక్యం చేసుకుంటే రూపాయలు తోడినట్టు అవదు. ఇక్కడి మార్కెట్ మధ్యాహ్నం మూడున్నరకి మూసేశాక అక్కడ ధర నడుస్తూనే ఉంటుంది, మర్నాడు తొమ్మిదికి ఇక్కడ తెరిచేసరికి రూపాయి ఎక్కడ మొదలవ్వాలో అక్కడే సగం తేలిపోయి ఉంటుంది.

ద్వారకానగర్8

మరి మిగులు సంగతి? 2024-25కి కేంద్రానికి 2,68,590 కోట్లు ఇచ్చారు. అంతకు ముందు ఏడాది 2,10,874 కోట్లు. డాలర్లు అమ్మి సంపాదించిందేనా?

గాజువాక లెడ్జర్

అంతా అదే కాదు. విదేశీ బాండ్ల మీద వడ్డీ, ఇక్కడి ప్రభుత్వ బాండ్ల మీద వడ్డీ కూడా ఉన్నాయి. కానీ డాలర్ల అమ్మకం పెద్ద ముక్క. లెక్క ఇలా కడతారు.

ఏళ్ళ తరబడి కొన్న డాలర్లకి ఒక సగటు కొనుగోలు ధర ఉంటుంది. ఉదాహరణకి 65 అనుకోండి. 85కి అమ్మితే డాలరుకి 20 రూపాయలు చేతికొచ్చిన లాభం. 100 కోట్ల డాలర్ల మీద 2,000 కోట్లు. ఇది ఆదాయం కింద వస్తుంది, పంచవచ్చు. అమ్మకుండా ఉన్న డాలర్ల విలువ కూడా రూపాయల్లో పెరుగుతుంది కదా, ఆ పెరుగుదల మాత్రం కరెన్సీ అండ్ గోల్డ్ రీవాల్యుయేషన్ అకౌంట్‌లోకి వెళ్తుంది. దాన్ని పంచకూడదు. 2019లో బిమల్ జలాన్ కమిటీ ఈ గీత గట్టిగా గీసింది. ఆపద నిధి బ్యాలెన్స్ షీట్‌లో 5.5 నుంచి 6.5 శాతం మధ్య ఉండాలంది. 2024-25లో ఆ హద్దు సవరించి దాన్ని 7.5 శాతానికి పెంచాకే పై మిగులు ఇచ్చారు.

ఇప్పుడు ముందటి పద్దుకి దీన్ని కలపండి. 100 కోట్ల డాలర్లు అమ్మినప్పుడు వ్యవస్థలోంచి 8,500 కోట్లు పోయాయి. ఆ రూపాయలు రద్దయినా, లెక్కలో తేలిన 2,000 కోట్ల లాభం తర్వాత మిగులు పేరుతో ప్రభుత్వ ఖాతాకి వెళ్తుంది. ప్రభుత్వం జీతాలో, కాంట్రాక్టర్ల బిల్లులో చెల్లించిన రోజున ఆ 2,000 కోట్లు బ్యాంకుల్లోకి తిరిగొస్తాయి. అమ్మకం డిసెంబర్‌లో, మిగులు ప్రకటన మేలో, ఖర్చు ఆ తర్వాత. చలికాలంలో ఎండి, వేసవి తర్వాత నీళ్ళు రావడం అందుకే. వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ రెన్యూ చేసుకునేవాళ్ళు ఈ వరస చూసుకోవాలి.

మింట్ రోడ్డు

రాజకీయ అర్థశాస్త్రం ముడి ఇక్కడే ఉంది. రూపాయి ఎంత పడితే అమ్మకం లాభం అంత పెరుగుతుంది. ఆ లాభం ముందే బడ్జెట్ అంచనాలో కూర్చుంటే, రిజర్వు బ్యాంకు ఎప్పుడు ఎంత అమ్మాలన్న నిర్ణయం మీద కనబడని బరువు పడుతుంది. అలా జరిగిందని నేననడం లేదు. కట్టడి ఎందుకు కావాలో చెబుతున్నాను.

కట్టడులు మనకి కష్టపడి వచ్చాయి. ప్రభుత్వానికి డబ్బు తక్కువైతే అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు రాసిచ్చి రిజర్వు బ్యాంకు నుంచి తీసుకునే అలవాటు 1997లో ఆగింది. ప్రభుత్వ బాండ్లని ప్రైమరీ మార్కెట్లో రిజర్వు బ్యాంకు కొనడం 2006 ఏప్రిల్ నుంచి చట్టం ఆపింది. ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2, 2016లో చట్టంలోకి ఎక్కింది. కానీ 1934 చట్టం సెక్షన్ 7 ఇప్పటికీ ఉంది: ప్రజా ప్రయోజనం కోసం, గవర్నర్‌తో సంప్రదించి, ప్రభుత్వం ఆదేశాలివ్వవచ్చు. 2018లో దాని చుట్టూ ఎంత గొడవ జరిగిందో, డిసెంబర్ 10న గవర్నర్ ఉర్జిత్ పటేల్ ఎలా రాజీనామా చేశారో తెలిసిందే. అప్పటి తగవులో ఒక పెద్ద పాయ ఈ మిగులు నిధులే. జలాన్ కమిటీ దాని తర్వాతే వచ్చింది.

భీమిలి చెరువు

పెద్ద పద్దులు అర్థమయ్యాయి. ఉప్పుటేరు గారు అడిగిన కంటైనర్ లెక్కకి రండి. రూపాయి పడితే చెరువు గట్టు మీద ధర పెరగడం లేదు, మేత ధర మాత్రం పెరుగుతోంది.

యారాడకొండ

ఇన్‌వాయిస్ 2,00,000 డాలర్లు, బీఎల్ (సరుకు ఓడ ఎక్కాక ఇచ్చే రసీదు) తేదీ నుంచి 90 రోజుల గడువు అనుకుందాం. ఎగుమతిదారు సరుకు కొనడానికి ముందే పీసీఎఫ్‌సీ, అంటే డాలర్లలో ప్యాకింగ్ క్రెడిట్, 1,20,000 తీసుకున్నాడు. తీసుకున్న రోజే బ్యాంకు వాటిని రూపాయల్లోకి మార్చి ఖాతాలో వేసింది. అంటే ఈ 1,20,000 డాలర్లు ఆ రోజు రేటుకే అమ్ముడైపోయాయి. తర్వాత రూపాయి ఎంత పడినా వీటి మీద ఒక్క పైసా కలిసిరాదు, ఎందుకంటే వచ్చే డాలర్లు నేరుగా అప్పు తీర్చడానికి పోతాయి.

మిగిలింది 80,000. డాలరు ఒక రూపాయి పెరిగితే 80,000 రూపాయలు కలిసొచ్చాయి. ఓడ కిరాయి ఇతనే కడితే అది డాలర్లలోనే. ప్యాకింగ్, రసాయనాలు, కొన్ని యంత్రాల విడిభాగాలు కూడా డాలరుని అనుసరిస్తాయి. అవన్నీ కలిపి 20,000 డాలర్లు అనుకుంటే మిగిలేది 60,000 రూపాయలు. 2,00,000 వస్తుందని ఊరంతా అనుకుంటుంది.

ఆ అరవై వేలు కూడా కొనేవాడు చూస్తూనే ఉంటాడు. డాలరు రేటు అతని తెరమీద కూడా ఉంటుంది. తర్వాతి ఆర్డర్‌లో పౌనుకి కొన్ని సెంట్లు తగ్గించమంటాడు. ఈక్వెడార్ వాడిది డాలర్ల ఆర్థిక వ్యవస్థే, వాళ్ళకి ఈ లాభం ఉండదు, అయినా ధర మీద మనతో పోటీ పడతారు. మనకొచ్చిన మారకపు లాభం రెండు మూడు ఆర్డర్లలో కొనేవాడి జేబులోకి జారిపోతుంది.

భీమిలి చెరువు

ఒక సవరణ. మేత ఖర్చు ఎగుమతిదారు పద్దులో రాదు, రైతు పద్దులో వస్తుంది. తల్లిరొయ్యలు అమెరికా నుంచి విమానంలో వస్తాయి, డాలర్లలో. మేతలో చేపపొడి, సోయాపిండి ధరలు ప్రపంచ మార్కెట్‌ని చూసి నడుస్తాయి. రూపాయి పడ్డాక మేత బస్తా ధర కొన్ని వారాల్లో పెరుగుతుంది. చెరువు ధర మాత్రం కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) మీద కొనేవాళ్ళు రోజూ కడతారు. 100 కౌంటుకి ఇంత, 50 కౌంటుకి ఇంత అని. పట్టుబడి రోజున రైతుకి బేరానికి టైముండదు. ఐస్ వేసి లారీ ఎక్కించాలి. కాబట్టి రూపాయి పతనంలో లాభం పైమెట్టున ఆగుతుంది, నష్టం కింది మెట్టుకి దిగుతుంది.

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు ఇది తేటతెల్లమైంది. డాలరు ఒకటి రెండు రూపాయలు పెరగడమంటే ఒకటి రెండు శాతం. యాభై శాతం సుంకానికి అది ఏ మూలకి? మారకపు రేటుతో సుంకాన్ని సరిచేయొచ్చు అనేవాళ్ళు ఈ భాగహారం ఒకసారి చేయాలి.

ఉప్పుటేరు

మరి రిఫైనరీ, స్టీలు ప్లాంటు సంగతి? వాటికి డాలర్లు కావాలి, రొయ్యకి డాలర్లు వస్తాయి. ఒకే ఊరు, ఎదురెదురు ప్రయోజనాలు.

మింట్ రోడ్డు

సరిగ్గా పట్టుకున్నారు. క్రూడ్ డాలర్లలో, కోకింగ్ బొగ్గు డాలర్లలో. రిఫైనరీకి ఉన్న ఊరట, దాని అమ్మకపు ధర కూడా అంతర్జాతీయ ధరకి ముడిపడి ఉండటం. పంపు దగ్గర ధర పెంచకుండా ఆపితే ఆ ఊరట పోయి నష్టం కంపెనీ మీద పడుతుంది. స్టీలుకి అలాంటి ముడి లేదు, దిగుమతి స్టీలు ధరే హద్దు.

డాలరు గిరాకీ ఎంత బలంగా మార్కెట్‌ని లాగుతుందో 2013లో చూశాం. మే 22న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ ఛైర్మన్ బెర్నాంకీ బాండ్ల కొనుగోళ్ళు తగ్గించవచ్చు అన్నారు. ఆగస్టు 28కి రూపాయి 68 దాటింది. ఆ రోజే గవర్నర్ దువ్వూరి సుబ్బారావు గారి ఆధ్వర్యంలో రిజర్వు బ్యాంకు మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకి, విశాఖ రిఫైనరీ ఉన్న హెచ్‌పీసీఎల్‌తో సహా, ప్రత్యేక స్వాప్ కిటికీ తెరిచింది. వాళ్ళ రోజువారీ డాలర్లు మార్కెట్లో కొనకుండా రిజర్వు బ్యాంకే ఇచ్చి, గడువులో వెనక్కి తీసుకుంది. గిరాకీ తీరలేదు, తేదీ మారింది. భయం తగ్గడానికి ఆ మాత్రం చాలింది.

తర్వాతి వారం రఘురామ్ రాజన్ గవర్నర్‌గా వచ్చి ఎఫ్‌సీఎన్‌ఆర్-బి స్వాప్ ప్రకటించారు. విదేశాల్లోని మనవాళ్ళు కనీసం మూడేళ్ళకి డాలర్ డిపాజిట్ చేస్తే, బ్యాంకు ఆ డాలర్లని రిజర్వు బ్యాంకుతో ఏడాదికి 3.5 శాతం స్థిర ఖర్చుకి స్వాప్ చేసుకోవచ్చు. మార్కెట్లో ఖర్చు అంతకన్నా బాగా ఎక్కువ. ఆ తేడా రిజర్వు బ్యాంకు, అంటే చివరికి మనమందరం, భరించింది. బ్యాంకుల విదేశీ రుణాలతో కలిపి 3,400 కోట్ల డాలర్లు వచ్చాయి. 2016 శరత్కాలంలో అవి తిరిగి వెళ్ళేటప్పటికి రిజర్వు బ్యాంకు ముందుగానే ఫార్వర్డ్‌లో డాలర్లు కొని సిద్ధం చేసుకుంది కాబట్టి మార్కెట్ తుళ్ళిపడలేదు.

ద్వారకానగర్8

ఇంత తిప్పలు ఎందుకు? కష్టమొస్తే ఫెడ్ నుంచి డాలర్లు తెచ్చుకోలేమా, లేదా ఐఎంఎఫ్ నుంచి?

మింట్ రోడ్డు

ఫెడ్‌కి శాశ్వత స్వాప్ లైన్లు (సొంత కరెన్సీ ఇచ్చి డాలర్లు తీసుకునే ఒప్పందాలు) ఐదుగురితోనే: కెనడా, బ్రిటన్, జపాన్, స్విట్జర్లాండ్, యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్. 2020 మార్చిలో ఇంకో తొమ్మిది దేశాలకి తాత్కాలికంగా ఇచ్చింది. బ్రెజిల్, మెక్సికో, కొరియా, సింగపూర్ ఉన్నాయి. భారత్ లేదు. మనకి జపాన్‌తో 7,500 కోట్ల డాలర్ల ఒప్పందం ఉంది.

ఐఎంఎఫ్‌లో మన ఓటు 2.6 శాతం చిల్లర. అమెరికాది 16.5 దగ్గర. పెద్ద నిర్ణయాలకి 85 శాతం కావాలి, అంటే ఒక్క దేశం కాదంటే ఆగిపోతుంది. 2021 ఆగస్టులో 65,000 కోట్ల డాలర్ల విలువైన ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ పుట్టించే రిజర్వు ఆస్తి) పంచినప్పుడు కోటా ప్రకారమే పంచారు, కరువెక్కడుందో చూసి కాదు. మనకి దాదాపు 1,790 కోట్ల డాలర్ల విలువ వచ్చింది.

1991 సంగతి పెద్దలకి గుర్తుండే ఉంటుంది. దిగుమతులకి మూడు వారాలు కూడా సరిపోని డాలర్లు. ముందు 20 టన్నుల బంగారం స్టేట్ బ్యాంకు ద్వారా స్విస్ బ్యాంకుకి, తర్వాత జూలైలో 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఖజానాకి విమానంలో వెళ్ళాయి. ఆ 47 టన్నుల మీద దొరికింది దాదాపు 40 కోట్ల డాలర్లు. ఈరోజు రిజర్వు బ్యాంకు ఒక్క పూటలో అమ్మగల మొత్తం. అందుకే మన దగ్గర రిజర్వులు పోగేయడాన్ని అతిజాగ్రత్త అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. స్వాప్ లైను లేని దేశానికి రిజర్వే బీమా. ప్రీమియం ఖరీదే, అమెరికా బాండ్లలో తక్కువ వడ్డీకి పడుండాలి.

2022లో రష్యా రిజర్వుల్లో దాదాపు 30,000 కోట్ల డాలర్లు స్తంభించిపోయాక, దాచిన చోటు కూడా ప్రశ్నే అయింది. 2024 సెప్టెంబర్ ఆఖరుకి మన 854 టన్నుల బంగారంలో 510 టన్నులు దేశంలోనే ఉన్నాయి.

భీమిలి చెరువు

రూపాయల్లోనే వ్యాపారం అంటున్నారు కదా, అది ఇక్కడివాళ్ళకి పనికొస్తుందా?

యారాడకొండ

2022 జూలై 11 సర్క్యులర్‌తో దారి ఉంది. అక్కడి బ్యాంకు ఇక్కడి బ్యాంకులో ప్రత్యేక రూపాయి వోస్ట్రో ఖాతా తెరుస్తుంది. మన దిగుమతిదారు అందులో రూపాయలు వేస్తాడు, మన ఎగుమతిదారుకి అందులోంచే చెల్లిస్తారు. రెండు వైపులా సరుకు సమానంగా నడిస్తే అద్భుతం. రష్యా నుంచి మనం కొన్న చమురు పెద్దది, వాళ్ళు మన దగ్గర కొన్నది చిన్నది. రూపాయలు వాళ్ళ ఖాతాలో గుట్టపడ్డాయి. ప్రభుత్వ బాండ్లలో పెట్టుకోవచ్చు, కానీ చమురు అమ్మినవాడు అందుకోసం అమ్మలేదు. ఎగుమతిదారుకి ఇందులో లాభం మారకపు ప్రమాదం లేకపోవడం. ఒప్పందం ముందు ఆ ఖాతాలో నిల్వ ఉందో లేదో బ్యాంకుని అడగాలి.

ఉప్పుటేరు

చివరి ప్రశ్న. పైన చెప్పిన కంటైనర్‌కే ఫార్వర్డ్ తీసుకోవాలంటే ఎంతకి తీసుకోవాలి? 2,00,000కా?

యారాడకొండ

కాదు, ఎక్కువమంది తప్పటడుగు వేసేది అక్కడే. 1,20,000 పీసీఎఫ్‌సీ రోజే అమ్మేశారు. 2,00,000కి ఫార్వర్డ్ అమ్మితే మొత్తం 3,20,000 డాలర్లు అమ్మినట్టు, వచ్చేది రెండు లక్షలే. రూపాయి పడితే లేని 1,20,000 డాలర్లని మార్కెట్లో ఎక్కువ ధరకి కొని ఫార్వర్డ్ రద్దు చేసుకోవాలి. కవర్ కావలసింది 80,000కే. అందులోంచి డాలర్లలోనే కట్టాల్సిన ఓడ కిరాయి ఉంటే అదీ తీసేయండి.

రేటు ఇలా వస్తుంది. స్పాట్ 85, ఇక్కడ వడ్డీ 6.5, అక్కడ 4.5 అనుకుంటే మూడు నెలలకి: 85ని 1.01625తో గుణించి 1.01125తో భాగించండి. 85.42 దగ్గర. 42 పైసల ప్రీమియం, 80,000 మీద 33,600 రూపాయలు. ఇది రూపాయి ఎటు పోతుందన్న జోస్యం కాదు, రెండు వడ్డీల తేడా. దీన్నుంచి బ్యాంకు తన మార్జిన్ తీసుకుంటుంది. ఎంత తీసుకుందో తెలియాలంటే అదే నిమిషంలో ఇంటర్‌బ్యాంక్ రేటు చూడాలి. సీసీఐఎల్ (క్లియరింగ్ కార్పొరేషన్) వారి ఎఫ్‌ఎక్స్-రిటైల్‌ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదైతే ఆ రేటు తెరమీద కనబడుతుంది, చిన్న ఎగుమతిదారు కూడా నమోదవ్వచ్చు.

గడువు ఒకే తేదీకి కట్టకండి. 90 రోజులంటే బీఎల్ తేదీ నుంచి, ఇన్‌వాయిస్ తేదీ నుంచి కాదు. కొనేవాడు వారం పది రోజులు జాప్యం చేయడం మామూలే. ఒక నెల కిటికీతో (ఆ నెలలో ఏ రోజైనా డాలర్లు ఇచ్చే వీలుతో) ఆప్షన్ ఫార్వర్డ్ అడగండి. కాకపోతే బ్యాంకు ప్రీమియాన్ని కిటికీ మొదటి రోజు వరకే ఇస్తుంది. అందుకని కిటికీని 85వ రోజు దగ్గర మొదలుపెట్టాలి, 60వ రోజు నుంచి కాదు. గడువు దాటి సూచన ఇవ్వకపోతే బ్యాంకు కొద్ది పనిదినాల్లో తనే రద్దు చేసి, నష్టం వస్తే మీ దగ్గర వసూలు చేస్తుంది.

గాజువాక లెడ్జర్

రెండు జాగ్రత్తలు. సరుకు యాంటీబయాటిక్ అవశేషాల కారణంగా వెనక్కి వస్తే పీసీఎఫ్‌సీ తీర్చడానికి డాలర్లు ఉండవు. అసలు ఎగుమతే జరగకపోతే బ్యాంకు ఆ అప్పుని టీటీ సెల్లింగ్ రేటుకి (బ్యాంకు డాలర్లు అమ్మే రేటు) రూపాయల్లోకి మార్చి వసూలు చేస్తుంది, వడ్డీ కూడా రాయితీ లేని రేటు. రూపాయి పడిన రోజుల్లో ఇదే ప్రాణం మీదికి తెస్తుంది. ల్యాబ్ పరీక్ష ఫలితం చేతికి రాకముందు మొత్తం లిమిట్ డ్రా చేయకండి.

ఇంకోటి, "రేటు పెరిగాక మార్చుకుందాం" అని ఈఈఎఫ్‌సీ ఖాతాలో (ఎగుమతి డాలర్లని అలాగే దాచుకునే ఖాతా) డాలర్లు ఉంచుకునేవాళ్ళు: దాని మీద వడ్డీ రాదు, వచ్చిన నెల తర్వాతి నెలాఖరులోగా వాడని నిల్వని రూపాయల్లోకి మార్చాలి. 80,000 డాలర్లు ఏడు శాతం ప్యాకింగ్ క్రెడిట్ నడుస్తుండగా ఒక నెల ఊరికే ఉంచితే, 68 లక్షల మీద దాదాపు 40,000 రూపాయల వడ్డీ. డాలరు ఆ నెలలో కనీసం 50 పైసలు పెరిగితేనే ఆ ఖర్చు తిరిగొస్తుంది.

ఉప్పుటేరు

80,000, 85వ రోజు నుంచి కిటికీ, ల్యాబ్ రిపోర్ట్ వచ్చాకే డ్రా. రాసుకున్నాను. భీమిలి చెరువు గారూ, కౌంటు ధర ఎలా కడతారో విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి, అక్కడికి వస్తాను.